నర్సింగ్ సిద్ధాంతాలు వార్డులో నిజంగా పనికొస్తాయా? వాటిని ఎలా చదవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరంలో ఉన్నారు. నర్సింగ్ ఫౌండేషన్స్‌లో నైటింగేల్, హెండర్సన్, ఓరెమ్, రాయ్, పెప్లావ్ అంటూ సిద్ధాంతకర్తలు ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు. క్లినికల్ పోస్టింగ్‌కి వెళితే ఆ పేర్లు ఎవరూ ఎత్తడం లేదు, ఇంజెక్షన్లు, ఐవీలు, బీపీలతోనే డ్యూటీ గడిచిపోతోంది. మరి ఇదంతా పరీక్ష కోసమేనా, బట్టీ పట్టకుండా ఎలా చదవాలి అని.

సూటిగా చెప్తాను. పనికొస్తాయి, కాకపోతే అన్నీ ఒకేలా పనికిరావు. రెండు మూడు సిద్ధాంతాలు రోజూ మీ చేతిలో పనిచేస్తాయి. కొన్ని అప్పుడప్పుడు అక్కరకొస్తాయి. కొన్ని పరీక్ష దాకానే. వార్డులో ఓరెమ్ పేరు ఎవరూ ఎత్తరన్న మాట నిజమే. కానీ మంచి సిస్టర్ ఎవరైనా మంచం పక్కకి వెళ్లి "తాతా, నిన్న మీ అంతట మీరే లేచి కూర్చున్నారుగా, ఇవాళేమైంది?" అని అడిగిందంటే అది ఓరెమ్ అడగమన్న ప్రశ్నే. డాక్టర్ ఆర్డర్ షీట్‌లో యాంటీబయాటిక్ ఉంటుంది, ఫ్లూయిడ్స్ ఉంటాయి. ఈ మనిషి తనకి తాను ఏం చేసుకోగలడు, ఏం చేసుకోలేకపోతున్నాడు, ఎందుకు చేసుకోలేకపోతున్నాడు అన్నది అందులో ఉండదు. అది చూడాల్సింది నర్సే. ఆ చూపు నేర్పడానికే ఈ సిద్ధాంతాలన్నీ.

నేను చాలా ఏళ్లు మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి, ఇప్పుడు స్టూడెంట్లకి క్లినికల్స్ చూపిస్తున్నాను. అందుకే పుస్తకంలో ఉన్న వరుస పక్కన పెట్టి, వార్డులో ఎదురయ్యే వరుసలో చెప్తాను.

ముందు నాలుగు మాటలు పట్టుకోండి: మనిషి, పరిసరాలు, ఆరోగ్యం, నర్సింగ్. 1984లో జాక్వెలిన్ ఫాసెట్ అనే నర్సింగ్ సిద్ధాంతకర్త ఈ నాలుగింటినీ మెటాపారడైమ్ అని ఒకచోట చేర్చి చెప్పింది. ఏ సిద్ధాంతమైనా ఈ నాలుగింటి గురించే మాట్లాడుతుంది, తేడా అంతా దేనికి ఎక్కువ బరువు ఇస్తుందన్నదే. ఒక రోగిని తీసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సీఓపీడీతో, అంటే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుతో, ఒక పెద్దావిడ ఆయాసపడుతూ వస్తుంది. నెబ్యులైజేషన్, ఆక్సిజన్, స్టెరాయిడ్ ఇస్తే నాలుగు రోజుల్లో తేరుకుంటుంది. డిశ్చార్జ్ అయి కొన్నాళ్లకి మళ్లీ అదే ఆయాసంతో వస్తుంది. "ఇంట్లో వంట దేని మీద చేస్తావమ్మా?" అని అడిగితే అప్పుడు తెలుస్తుంది, కిటికీ లేని వంటింట్లో కట్టెల పొయ్యి అని. అదీ పరిసరాలంటే. "తగ్గిపోతే ఏం చేయాలని ఉంది?" అంటే "మనవరాలిని బడి దాకా దింపి రావాలి" అంటుంది. ఆవిడకి ఆరోగ్యం అంటే అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948 నుంచీ చెప్తున్న నిర్వచనం పరీక్షలో రాయండి. కేర్ ప్లాన్‌లో గోల్ రాసేటప్పుడు మాత్రం బడి దాకా నడవడం అనే రాయండి, ఎందుకంటే దాన్ని కొలవొచ్చు.

నైటింగేల్ గురించి దీపం పట్టుకున్న దేవత అని చెప్పి వదిలేస్తుంటారు, అది నాకు బాధగా ఉంటుంది. 1854లో క్రిమియా యుద్ధానికి వెళ్లిన ఆవిడ లెక్కలు రాసిన మనిషి. సైనికుల్లో ఎక్కువ మంది గాయాల వల్ల కంటే జ్వరాలు, విరేచనాలు లాంటి జబ్బుల వల్ల చనిపోతున్నారని గ్రాఫులు గీసి ప్రభుత్వానికి చూపించింది. గాలి, వెలుతురు, శుభ్రమైన నీళ్లు, మురుగు పారుదల, శబ్దం, ఆహారం, ఇవి సరిగ్గా ఉంటే శరీరం తనని తాను బాగుచేసుకుంటుందన్నది ఆవిడ సిద్ధాంతం. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ హాస్పిటల్‌లో నర్సింగ్ స్కూల్ మొదలైంది కూడా ఆవిడ చొరవతోనే. ఇది పాతబడిందనుకోకండి. దోమల భయంతో కిటికీలన్నీ మూసేసి, ఒక్కో మంచం దగ్గర ముగ్గురేసి బంధువులు కూర్చున్న వార్డులోకి తెల్లవారుజామున అడుగుపెట్టి చూడండి. ఐసీయూలో రాత్రంతా లైట్లు, మానిటర్ల మోత మధ్య ఒక ముసలాయన పగలూ రాత్రీ తేడా తెలియక పైపులు పీక్కుంటుంటే ముందు చేయాల్సినవేంటి? రాత్రి లైటు తగ్గించడం, ఆయన కళ్లజోడు, వినికిడి మిషన్ తెచ్చి పెట్టడం, ఎదురుగా గడియారం కనబడేలా చేయడం. ఇన్ఫెక్షన్, ఆక్సిజన్, షుగర్ చూడటం ఒకవైపు ఎలాగూ జరగాలి. ఇది మాత్రం ఎవరి ఆర్డరూ లేకుండా నర్సు చేయగల పని.

ఇక అసలు విషయానికి వస్తాను. నన్నడిగితే మొదటి సంవత్సరంలో ఒక్కటే నేర్చుకునే వీలుంటే వర్జీనియా హెండర్సన్‌ని నేర్చుకోమంటాను. ఆవిడ చెప్పింది చాలా మామూలుగా ఉంటుంది. తగినంత బలం, ఇష్టం, తెలివిడి ఉంటే మనిషి తనంతట తాను చేసుకునే పనులుంటాయి కదా. ఆ బలం, ఇష్టం, తెలివిడి ఉన్నప్పుడు వాటిని ఎలా చేసుకునేవాడో అలా చేసుకోవడానికి సాయపడటం, వీలైనంత త్వరగా మళ్లీ తనే చేసుకునేలా నిలబెట్టడం నర్సు పని. కోలుకోలేని వాళ్లకి ప్రశాంతమైన మరణం కోసం సాయపడటం కూడా అందులోనే చేర్చింది. ఊపిరి తీసుకోవడం, తినడం, విసర్జన, కదలిక, నిద్ర, బట్టలు, శరీర ఉష్ణోగ్రత, శుభ్రత, ప్రమాదాల నుంచి రక్షణ, మాట్లాడుకోవడం, పూజా నమ్మకాలు, పని, వినోదం, నేర్చుకోవడం అంటూ పద్నాలుగు అవసరాలు చెప్పింది. స్టూడెంట్లు ఆ పద్నాలుగూ బట్టీ పడతారు. ముందు చెప్పిన బలం, ఇష్టం, తెలివిడి అన్న మూడు మాటలు మర్చిపోతారు. కానీ నాకు వార్డులో ఎక్కువగా పనికొచ్చింది ఆ మూడే.

ఎలాగో చూడండి. షుగర్ అదుపులో లేక ముగ్గురు అడ్మిట్ అయ్యారనుకుందాం. ముగ్గురి కేస్ షీట్‌లోనూ "ఇన్సులిన్ సరిగా తీసుకోవడం లేదు" అనే ఉంటుంది. మొదటి ఆయనకి చూపు మందగించి సిరంజి మీద గీతలు కనబడటం లేదు. అది బలం లేకపోవడం. రెండో ఆవిడ "ఒకసారి సూది మొదలుపెడితే చచ్చేదాకా పొడుచుకోవాలంట" అన్న భయంతో మానేసింది. అది ఇష్టం లేకపోవడం. మూడో ఆయన రోజూ క్రమం తప్పకుండా పొడుచుకుంటున్నాడు, అయినా షుగర్ దిగడం లేదు. సిరంజి తెప్పించి చూస్తే, మందు వయల్ మీద యూ-40 అని ఉంది, అంటే మిల్లీలీటరుకి 40 యూనిట్లు. సిరంజికి నారింజ రంగు మూత, అంటే మిల్లీలీటరుకి 100 యూనిట్ల మందు కోసం చేసిన యూ-100 సిరంజి. అందులో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. యూ-40కి ఎర్ర మూత సిరంజి తీసుకోవాలని అతనికి ఎవరూ చెప్పలేదు. అది తెలివిడి లేకపోవడం. ఇదే తారుమారై, యూ-100 మందుని యూ-40 సిరంజితో తీసుకుంటే రెండున్నర రెట్లు డోసు పడి షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది.

ముగ్గురికీ "ఇన్సులిన్ రెగ్యులర్‌గా తీసుకోండి" అని ఒకే మాట చెప్పి పంపిస్తే ఒక్కరికీ ఉపయోగం లేదు. మొదటాయనకి కావాల్సింది డోసు లాగి ఇచ్చే మనిషి, లేదా డాక్టర్‌తో మాట్లాడి ఇన్సులిన్ పెన్‌కి మార్చడం. రెండో ఆవిడకి కావాల్సింది పక్కన కూర్చుని భయం వినే మనిషి. మూడో ఆయనకి సిరంజి చేతిలో పెట్టి చూపించి, మళ్లీ ఆయన చేతే చేయించి చూడటం. జబ్బు ఒకటే, నర్సింగ్ మూడు రకాలు. సిద్ధాంతం ఎందుకు అని అడిగారు కదా, నా జవాబు ఇదే.

డొరోథియా ఓరెమ్ ఇదే దారిలో ఇంకాస్త ముందుకెళ్లింది. మనిషికి కావాల్సిన స్వీయసంరక్షణకీ, తను చేసుకోగలిగిన దానికీ మధ్య లోటు ఏర్పడినప్పుడే నర్సు అవసరం వస్తుందని చెప్పి, ఆ లోటును బట్టి మూడు పద్ధతులు పెట్టింది: అన్నీ నర్సే చేయడం, కొంత నర్సు కొంత రోగి చేయడం, రోగే చేసుకుంటుంటే నేర్పి వెన్నంటి ఉండటం. దీన్ని మూడు డబ్బాలుగా గీసి వదిలేయకండి. ఒకే రోగి ఈ మూడింటి గుండానూ నడుస్తాడు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయిన ఆయన్ని ఊహించుకోండి. మొదటి రోజుల్లో తిప్పి పడుకోబెట్టడం, నోరు శుభ్రం చేయడం, ముక్కు గుండా పొట్టలోకి వేసిన రైల్స్ ట్యూబ్‌లో ఫీడ్ పోయడం అన్నీ మనవే. కాస్త తేరుకున్నాక, మింగడం సరిగ్గా ఉందో లేదో పరీక్షించాక, లేపి కూర్చోబెట్టి ఎడమ చేత్తో తననే తిననివ్వాలి. షర్టు వేసుకునేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి దూర్చాలి, విప్పేటప్పుడు ముందు బాగున్న చెయ్యి తీయాలి. ఇది నేర్పితే చాలామంది తమంతట తామే వేసుకుంటారు.

మన దగ్గర ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. భార్య పక్కనే ఉంటుంది. ఆయన చెయ్యి కదిపేలోపే ముద్ద నోట్లో పెట్టేస్తుంది, గుండీలు పెట్టేస్తుంది. ప్రేమతోనే చేస్తుంది, కానీ ఆ ప్రేమ వల్ల ఆయన చేతికి పని లేకుండా పోతోంది. "అమ్మా, కంచంలో కలిపి పెట్టు, ముద్ద మాత్రం ఆయన్నే తీసుకోనీ, పడితే పడనీ" అని ఆవిడకి చెప్పడం కూడా నర్సింగే. ఓరెమ్ ఆధారిత సంరక్షణ అని ఒక మాట వాడింది, అంటే ఒకరి కోసం ఇంకొకరు చేసే సంరక్షణ. మన వార్డుల్లో ఆ భాగం చాలా ముఖ్యం. రోగితో పాటు అటెండెంట్ శక్తిని, నిద్రని, అర్థం చేసుకునే తీరుని కూడా మనం అంచనా వేయాలి.

ఐడా జీన్ ఓర్లాండో, పెప్లావ్. వీళ్లిద్దరినీ కలిపి చదవండి, ఇద్దరిదీ మాట గురించే. 1961లో ఓర్లాండో చెప్పింది ఏమిటంటే, రోగి ప్రవర్తన చూడగానే మనకి కలిగిన అభిప్రాయం నిజమో కాదో రోగినే అడిగి తేల్చుకోవాలి. ఒక పెద్దాయన రెండు పూటలు కంచం తోసేశాడు. చార్టులో "ఆకలి లేదు" అని పడింది. సాయంత్రం డ్యూటీకి వచ్చిన సిస్టర్ "అన్నం సయించట్లేదా, నమలడం కష్టంగా ఉందా?" అని అడిగింది. కట్టుడు పళ్లు కొడుకు బ్యాగులో ఇంటికెళ్లిపోయాయి, అదీ సంగతి. ఆ అడగడానికి పట్టింది అర నిమిషం. అడగకపోయుంటే మర్నాటికి ఆకలి మందు రాసేవాళ్లు.

హిల్డెగార్డ్ పెప్లావ్ 1952లో నర్సుకీ రోగికీ మధ్య సంబంధమే చికిత్సలో భాగమని చెప్పింది. దశల పేర్లు పరీక్ష కోసం ఎలాగూ నేర్చుకుంటారు. వార్డులో నాకు పనికొచ్చింది ఆవిడ ఆందోళన గురించి చెప్పిన నాలుగు స్థాయులు: తేలికపాటి, మధ్యస్థ, తీవ్ర, పానిక్. తేలికపాటి టెన్షన్‌లో మనిషి బాగా నేర్చుకుంటాడు. తీవ్రమైన దశలో ఏం చెప్పినా బుర్రకెక్కదు. అందుకే ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గర ప్రీ-ఆప్ టీచింగ్ ఇవ్వడం దండగ. అరగంటకోసారి పిలిచి "బీపీ చూడండి సిస్టర్" అనే మనిషికి కావాల్సింది ఎక్కువసార్లు బీపీ చూడటం కాదు. కూర్చుని "రేపటి ఆపరేషన్ గురించి ఏమనిపిస్తోంది?" అని అడగండి. పిలుపులు వాటంతట అవే తగ్గుతాయి.

మాడెలీన్ లైనింజర్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, మన ప్రాంతంలో ఈ సిద్ధాంతం అవసరం చాలా ఉందని నా నమ్మకం. ఆవిడ నర్సు, మానవశాస్త్రవేత్త కూడా. 1960ల మొదట్లో పాపువా న్యూగినీలో గాడ్సప్ ప్రజల మధ్య ఉండి పరిశోధన చేసింది. సంస్కృతిని బట్టి సంరక్షణ మారాలన్నది ఆవిడ వాదన. అందుకు మూడు దారులు చూపించింది: ఉన్న ఆచారాన్ని అలాగే ఉండనివ్వడం, కొంచెం సర్దుబాటు చేయడం, హాని ఉంటే మార్చడం.

పోస్ట్‌నేటల్ వార్డులో ఒక్క పూట ఉంటే మూడూ కళ్లెదుట కనబడతాయి. పచ్చి బాలింతకి చెవుల్లో దూది పెట్టి తలకి గుడ్డ కడతారు. అందులో నష్టం లేదు, ఉండనివ్వండి. వెల్లుల్లి కారం, కోస్తాలో అయితే సొరచేప కూర పెడతారు. సంతోషంగా పెట్టనివ్వండి, అదీ మంచి ఆహారమే. సాంబ్రాణి పొగ వేస్తారు. ఇక్కడ సర్దుబాటు కావాలి: ఇంటికెళ్లాక తల్లి జుట్టుకి పట్టుకోండి, బిడ్డని మాత్రం పక్క గదిలో ఉంచండి, తలుపు తీసి ఉంచండి అని చెప్పాలి. "నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుంది, వాతం చేస్తుంది" అని గుక్కెడు నీళ్లకి లెక్క పెడతారు. ముర్రుపాలు పిండి పారబోసి బిడ్డకి తేనె నాకిస్తారు. ఈ రెండూ మార్చాల్సినవే. పాలిచ్చే తల్లికి నీళ్లు ఎక్కువ కావాలి, సిజేరియన్ అయినామెకి మలబద్ధకం ఇంకా కష్టం. ముర్రుపాలు పుట్టిన గంటలోపే పట్టాలి. ఏడాది నిండని బిడ్డకి తేనె వల్ల బాట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు.

కానీ ఎలా మార్చాలి? దూది నుంచి తేనె దాకా అన్నిటినీ మూఢనమ్మకం అని కొట్టిపారేసే సిస్టర్ మాట అమ్మమ్మ వినదు. వార్డులో తలూపి ఇంటికెళ్లాక తన పద్ధతే చేస్తుంది. "మీరు పెట్టే వెల్లుల్లి చాలా మంచిది పెద్దమ్మా, దాంతో పాటు నీళ్లు కాచి చల్లార్చి అడిగినప్పుడల్లా ఇవ్వండి, పాలు బాగా పడతాయి" అంటే వింటుంది. ఆ ఇంట్లో నిర్ణయం ఎవరిదో తెలుసుకుని వాళ్లతో మాట్లాడటం కూడా ఇందులో భాగమే. బాలింతకి చెప్పి అత్తగారిని వదిలేస్తే పని జరగదు.

మిగతావాళ్లు త్వరగా. కాలిస్టా రాయ్ చెప్పేది సర్దుకుపోవడం గురించి: శరీరం, తన గురించి తనకున్న భావన, కుటుంబంలో పాత్ర, ఇతరులతో బంధాలు అని నాలుగు మోడ్‌లు. కాలు తీసేసిన రోగికి, రొమ్ము తీసేసిన స్త్రీకి కేర్ ప్లాన్ రాసేటప్పుడు ఇది బాగా కుదురుతుంది, ఎందుకంటే గాయం మానాక కూడా మిగతా మూడూ మిగిలే ఉంటాయి. ఒత్తిళ్ల నుంచి మనిషిని కాపాడే రక్షణ వలయాల గురించి చెప్పిన బెట్టీ న్యూమన్ కమ్యూనిటీ పోస్టింగ్‌లో ఉపయోగపడుతుంది. మనిషిని, పరిసరాలని శక్తి క్షేత్రాలుగా చూసే మార్తా రోజర్స్ మొదటి సంవత్సరంలో అర్థం కాకపోతే దిగులుపడకండి, పరీక్షకి సరిపడా చదివి పెట్టుకోండి, ఎంఎస్సీలో మళ్లీ చూడొచ్చు.

సిద్ధాంతం వార్డులో కనబడే చోటు నర్సింగ్ ప్రాసెస్. అసెస్‌మెంట్, డయాగ్నసిస్, ప్లానింగ్, ఇంప్లిమెంటేషన్, ఎవాల్యుయేషన్. నేను దిద్దే కేర్ ప్లాన్లలో ఎక్కువగా కనిపించే తప్పు, నర్సింగ్ డయాగ్నసిస్ దగ్గర "న్యుమోనియా" అని రాయడం. అది డాక్టర్ డయాగ్నసిస్. మీరు రాయాల్సింది: కఫం చిక్కగా ఉండి, దగ్గే శక్తి లేక శ్వాసమార్గం శుభ్రపడటం లేదు, గురగుర శబ్దం వినిపిస్తోంది. అంటే సమస్య, దాని కారణం, మీరు కళ్లతో చూసి చెవులతో విన్న గుర్తులు. గోల్ దగ్గర "బాగా ఊపిరి తీసుకుంటాడు" అని రాస్తే ఎవరూ కొలవలేరు. "రేపు ఉదయానికి సాయంతో కూర్చుని దగ్గి కఫం బయటికి తీయగలడు" అని రాయండి.

ఇంకో ఉదాహరణ. బెడ్‌సోర్ రిస్క్ కోసం వాడే బ్రేడెన్ స్కేల్ చాలా ఆసుపత్రుల్లో చార్టులోనే ఉంటుంది. 1987లో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే నర్సులు ప్రచురించారు. స్పర్శ, తేమ, నడక, మంచంలో కదలిక, ఆహారం, ఒరిపిడి అని ఆరు అంశాలు, మొత్తం 6 నుంచి 23 దాకా మార్కులు, 18 లేదా తక్కువ వస్తే రిస్క్ ఉన్నట్టు. స్కోరు వేసి ఊరుకుంటే మాత్రం లాభం లేదు. తేమ దగ్గర మార్కు తగ్గితే డైపర్, బెడ్‌షీట్ సంగతి చూడాలి. ఒరిపిడి దగ్గర తగ్గితే రోగిని ఈడ్చకుండా షీట్‌తో ఎత్తి జరపాలి. మార్కు ఎక్కడ తగ్గిందో అక్కడే పని ఉంది.

రెండు హెచ్చరికలు. ఈ సిద్ధాంతాల్లో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో పుట్టినవి. అక్కడ రోగి ఒక్కడే తన నిర్ణయం తీసుకుంటాడనే ఊహ చాలా చోట్ల ఉంటుంది. మన దగ్గర నిర్ణయం ఇంటిల్లిపాదిదీ. నైట్ డ్యూటీలో వార్డు మొత్తానికీ ఒక్క సిస్టర్ ఉన్నప్పుడు పద్నాలుగు అవసరాలూ అందరికీ చూడటం కుదరదు. అది ఆమె తప్పు కాదు, అలాంటి వాళ్లని చూసి "థియరీ ఫాలో కావట్లేదు" అనుకోకండి. రెండోది, కుప్పకూలిన రోగి దగ్గర ముందు ఎయిర్‌వే, బ్రీతింగ్, సర్క్యులేషన్. రేపు ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల పరీక్ష నార్సెట్ రాసినా, అమెరికా లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసినా "ముందు ఏం చేస్తారు?" అనే ప్రశ్నలు చాలానే వస్తాయి. వాటికి దారి చూపేది నర్సింగ్ ప్రాసెస్, ప్రాధాన్య క్రమం. ప్రాణాపాయం లేనప్పుడు, సమాచారం చాలకపోతే ముందు అసెస్‌మెంట్ అని గుర్తుంచుకోండి.

చదివే పద్ధతి అడిగారు. పేరు, సంవత్సరం, నిర్వచనం, బొమ్మ, ఇవి ఒక పేజీలో పెట్టండి. రెండో పేజీలో మీరు స్వయంగా చూసిన ఒక రోగికి ఆ సిద్ధాంతం ఎలా సరిపోయిందో రాయండి. పరీక్షలో అప్లికేషన్ అడిగితే ఆ రెండో పేజీయే రాస్తారు, అది అందరి పేపర్లలా ఉండదు. వచ్చే పోస్టింగ్‌లో ఒక్క రోగిని ఎంచుకుని హెండర్సన్ పద్నాలుగూ వరసగా రాసి, ఒక్కోదాని ఎదురుగా తను చేసుకోగలడా, లేదా, లేకపోతే బలం, ఇష్టం, తెలివిడిలో ఏది లోటు అని రాసుకోండి. చార్టులో లేని కొత్త సంగతి ఏదైనా దొరికితే నోట్‌బుక్‌లోనే ఉంచకుండా హ్యాండోవర్‌కి ముందే డ్యూటీ సిస్టర్‌కి చెప్పండి. ఆ తర్వాత కేర్ ప్లాన్ రాసి, రోగి పేరు, ఐపీ నంబర్ లేకుండా ఇక్కడ పెట్టండి. చూసి చెప్తాను.